పాళ్ళు చెప్పిన కుర్రాడు

మొన్న మాఘమాసంలో మా చెల్లెలి కూతుర్ని చూసుకోవడానికి పెళ్ళివారొచ్చారు. ఉప్మా, బజ్జీలు అయ్యాయి. కాఫీలు అందుకుంటూ పిల్లవాడి తల్లి ఆప్యాయంగానే అడిగింది.

"దేనిమీద పరిశోధన చేస్తున్నావమ్మా?"

"ఆపరేటింగ్ సిస్టమ్స్, ఓపెన్ సోర్స్ అండీ" అంది మా పిల్ల.

ఆవిడ ముఖం వికసించింది. "ఆపరేషన్లా? డాక్టరనే అనుకున్నాను. కంప్యూటర్లని మధ్యవర్తి పొరపాటుగా చెప్పాడు కాబోలు!"

ఒక్క క్షణం ఎవరికీ నోట మాట రాలేదు. మా చెల్లెలు నావంక చూసింది. నవలలు రాసే అక్కగారు కదా, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తుందని ఆశ. నాకేం తెలుసు? నేను చదివింది హిస్టరీ బి.ఏ. "అదొక రకం కంప్యూటరు చదువేనండీ" అని నసిగి, బజ్జీల పళ్ళెం ఆవిడ ముందుకు జరిపాను.

ఆ రాత్రి మేడమీద పక్కలు వేసుకున్నాక మా పిల్లని నిలదీశాను. "నాలుగేళ్ళ నుంచీ చదువుతున్నావు. అదేమిటో మీ అమ్మకీ తెలీదు, నాకూ తెలీదు. నాకు లెక్కలు చెప్పకు, చరిత్ర చెప్పు. ఎవరు మొదలెట్టారు, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరు నెగ్గారు. అలా చెబితేనే నా బుర్రకెక్కుతుంది" అన్నాను.

"చరిత్రే పెద్దమ్మా అది. నీ నవలలకేం తీసిపోదు" అని మొదలెట్టింది. ఆ తర్వాత నేనూ కొంత చదివాను. తెలుసుకున్నది మీతో చెప్పకపోతే నాకు తోచదు కదా!

ముందు ఆ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో చూద్దాం. ఉదయం ఏడు గంటలకు మన ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి. స్నానాల గది ఒకటే, వెళ్ళాల్సినవాళ్ళు నలుగురు. పొయ్యిలు రెండే, ఎక్కాల్సిన గిన్నెలు అయిదు. మామగారి కాఫీ ఆగదు, పిల్లల బస్సు అంతకంటే ఆగదు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఏ గిన్నె ఎప్పుడు దించాలి, ఏ డబ్బా ఎక్కడుంది - ఇదంతా తన తలలో పెట్టుకుని, ఒకరికొకరు అడ్డం రాకుండా నడిపించే మనిషి ఒకరుంటారు. ఆ మనిషెవరో మీకు నేను చెప్పనక్కర్లేదు. కంప్యూటరులో ఆ పని చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. ఉత్తరాలు రాసే ప్రోగ్రాము, బొమ్మలు చూపే ప్రోగ్రాము, లెక్కలు కట్టే ప్రోగ్రాము అన్నీ దాన్ని అడిగే యంత్రాన్ని వాడుకుంటాయి. దాని నడిమి గుండెకాయని కెర్నెల్ అంటారు. అది సరిగా పనిచేస్తున్నంతకాలం అలాంటిదొకటుందని ఎవరికీ గుర్తురాదు. ఈ ఒక్క లక్షణం చాలు, మనకి దానిమీద అభిమానం కలగడానికి!

ఇక సోర్స్. దీనికి మా పెద్దత్తయ్య మాగాయ కథ చెప్పాలి. ఆవిడ మాగాయ పెడితే వీధి వీధంతా అడిగి తీసుకెళ్ళేవారు. అడిగినవారికి జాడీలతో పంచేది కానీ పాళ్ళు మాత్రం ఎవరికీ చెప్పలేదు. కోడళ్ళు అడిగితే, "చేతికొలత, ఏం చెప్పను?" అనేది. కలిపేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకునేది. ఒకనాడు ఆవిడ పోయింది. ఆవిడతోపాటు ఆ మాగాయా పోయింది. తిన్నవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, రుచి అందరికీ గుర్తుంది, పెట్టడం మాత్రం ఒక్కరికీ రాదు.

మనిషి చదవగలిగేలా రాసిన ప్రోగ్రాముని సోర్స్ అంటారు. అవి పాళ్ళు. దాన్ని యంత్రానికి మాత్రమే అర్థమయ్యే ఒకట్లూ సున్నాలుగా మార్చి అమ్ముతారు. అది జాడీలో మాగాయ. తినొచ్చు గాని, ఎలా పెట్టారో చెప్పలేం. ఉప్పెక్కువైతే మనం సరిచెయ్యలేం. పాళ్ళతో సహా అందరికీ ఇచ్చేస్తే అది ఓపెన్ సోర్స్. ఇంతే సంగతి. అయితే ఈ ఇంతే సంగతి కోసం యాభయ్యేళ్ళుగా ఎన్ని పంతాలు, ఎన్ని పట్టింపులు జరిగాయో చూడండి.

కథ 1969లో అమెరికాలో మొదలవుతుంది. అక్కడి టెలిఫోను కంపెనీ ఏటీ అండ్ టీకి బెల్ లాబ్స్ అని పరిశోధనశాల ఉండేది. అందులో కెన్ థాంప్సన్ అనే యువకుడు పనిచేసేవాడు. అప్పటిదాకా బెల్ లాబ్స్ వారు మరో ఇద్దరితో కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ కడుతూ, పని తెమలక మధ్యలో మానుకున్నారు. థాంప్సన్‌కి మాత్రం మనసాగలేదు. మూల పడివున్న పీడీపీ-7 అనే పాత యంత్రం ఒకటి దొరికింది. ఆ వేసవిలో ఆయన భార్య ఏడాది పిల్లవాణ్ణి చుట్టాలకు చూపించడానికి కాలిఫోర్నియా వెళ్ళింది. మూడు వారాలు. ఆ మూడు వారాల్లో వారానికొక భాగం చొప్పున రాసి, ఒక చిన్న సిస్టమ్‌ని నిలబెట్టేశాడు. మల్టిక్స్‌ని ఎగతాళి చేస్తున్నట్టుగా దానికి యూనిక్స్ అని పేరొచ్చింది. భార్య పుట్టింటికెళ్తే మన ఇళ్ళల్లో మగవాళ్ళు పాలు పొంగబెట్టుకుంటారు. ఈయన ప్రపంచాన్ని మార్చే పని మొదలెట్టాడు! అయితే ఆ మూడు వారాలూ పసివాణ్ణి చూసుకున్నదెవరో కూడా మనం మరవకూడదు.

తర్వాత ఆయన స్నేహితుడు డెన్నిస్ రిచీ సి అనే భాషను తయారుచేశాడు. 1973లో యూనిక్స్‌ని ఆ భాషలో తిరగరాశారు. దాంతో దాన్ని ఒక యంత్రం మీదనుంచి మరో యంత్రం మీదికి మార్చడం సులువైంది.

ఇక్కడొక చిత్రం జరిగింది. 1956లో ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం ఏటీ అండ్ టీ టెలిఫోన్ల వ్యాపారం తప్ప మరో వ్యాపారం చెయ్యడానికి వీల్లేదు. అందుచేత యూనిక్స్‌ని సరుకులా అమ్ముకోలేక, విశ్వవిద్యాలయాలకు కొద్ది రుసుముతో, సోర్స్‌తో సహా ఇచ్చేసింది. అమ్మే దారి లేక ఇచ్చిందే అయినా, ఎక్కడెక్కడి విద్యార్థులో ఆ పాళ్ళు చదివి నేర్చుకున్నారు. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1977 నాటికి ఆ సోర్స్‌ని ఒక పుస్తకంగానూ, దానికి వ్యాఖ్యానం మరో పుస్తకంగానూ అచ్చువేసి పిల్లలకు పాఠం చెప్పాడు. మన కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసినట్టే, పంక్తి పంక్తికీ అర్థం, తాత్పర్యం!

ఆ మురిపెం రెండేళ్ళే. 1979లో వచ్చిన కొత్త యూనిక్స్‌తోపాటు కొత్త నిబంధన వచ్చింది. సోర్స్‌ని తరగతిలో పాఠంగా చెప్పకూడదు. పెద్దత్తయ్య తలుపు వేసేసింది! లయన్స్ వ్యాఖ్యానం రహస్య సాహిత్యమైపోయింది. విద్యార్థులు దాన్ని జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకి జిరాక్సు తీసి, అక్షరాలు అలుక్కుపోయిన కాగితాలు చేతులు మార్చుకుంటూ చదివారు. అది బాహాటంగా అచ్చయి అంగళ్ళలోకి వచ్చేసరికి 1996 అయింది.

తలుపు మూసుకోవడం చూసి ఇద్దరు మనుషులు రెండు రకాలుగా స్పందించారు. ఒకాయనకి కోపం వచ్చింది. ఇంకొకాయన పాఠం రాసుకున్నాడు.

కోపం వచ్చినాయన రిచర్డ్ స్టాల్‌మన్. అమెరికాలో ఎమ్మైటీ అనే ప్రసిద్ధ విద్యాసంస్థలో పనిచేసేవాడు. 1980 ప్రాంతంలో వారి ప్రయోగశాలకు ఒక కొత్త ప్రింటరు కానుకగా వచ్చింది. మాటిమాటికీ అందులో కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటరు ఇరుక్కుంటే వెంటనే అందరికీ కబురు తెలిసేలా ఆయన ప్రోగ్రాములో ఒక ఏర్పాటు చేసుకున్నాడు. దీనికీ అలాగే చేద్దామంటే దీని సోర్స్ లేదు. ఉన్నదని విని, మరో విశ్వవిద్యాలయంలోని ఒక ఆచార్యుణ్ణి వెళ్ళి అడిగాడు. "ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చాను" అన్నాడాయన. చిన్న సంగతే. కానీ స్టాల్‌మన్ మనసులో అది ముల్లులా గుచ్చుకుంది. తోటివాడికి సాయం చెయ్యనని సంతకం పెట్టడమేమిటి? ఆ పని తాను ఎన్నడూ చెయ్యకూడదనుకున్నాడు. 1983 సెప్టెంబరులో, యూనిక్స్ లాంటిదే మరొకటి మొదటి ఇటుక నుంచీ కట్టి అందరికీ ఇస్తానని ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరుపెట్టి, 1984 జనవరిలో ఉద్యోగం వదిలేసి పనిలో దిగాడు. వంటకం పాళ్ళు ఇరుగుపొరుగుకి చెప్పుకోవడమనే పోలిక ఆయనా తరచు వాడతాడట. అది విన్నాక ఆయన నాకు మరీ దగ్గరివాడనిపించాడు.

ఆయన చేసిన పనుల్లో గొప్పది 1989లో వెలువడిన లైసెన్సు. దాన్ని జీపీఎల్ అంటారు. దాని సారాంశం ఇది: ఈ ప్రోగ్రాము నువ్వు వాడుకో, మార్చుకో, పంచిపెట్టు, కావాలంటే డబ్బు తీసుకుని అమ్ముకో. కానీ నువ్వు ఎవరికిచ్చినా పాళ్ళతో సహా ఇవ్వాలి. నువ్వు చేసిన మార్పుల పాళ్ళూ చెప్పాలి. అంటే, తీసుకున్నవాడు తలుపు మూసుకోవడానికి వీల్లేదన్నమాట. ఇంగ్లీషులో స్వేచ్ఛకీ, ఉచితానికీ ఒకే మాట ఉండి ఆయన్ని చాలా తిప్పలు పెట్టింది. మన తెలుగులో రెండు వేరువేరు మాటలున్నాయి కనుక ఆయన మనవాడై పుట్టివుంటే సగం ఉపన్యాసాలు తప్పేవి!

గ్నూలో ఒక్కొక్క పనిముట్టూ తయారైంది. కెర్నెల్ మాత్రం తెమల్లేదు. ఇల్లంతా కట్టి, సామాను సర్ది, ఇల్లాలి కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండిపోయింది.

పాఠం రాసుకున్నాయన ఆండ్రూ టానెన్‌బామ్. హాలెండు దేశంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆచార్యుడు. యూనిక్స్ పాఠం చెప్పకూడదంటే, నేనే ఒకటి రాసి చెబుతానన్నాడు. రాశాడు కూడా. 1987లో మినిక్స్ అనే చిన్న సిస్టమ్, దాన్ని వివరించే పాఠ్యపుస్తకం బయటికొచ్చాయి. సోర్స్ పుస్తకంలోనే అచ్చువేశాడు. అయితే దాన్ని ప్రచురణకర్తల దగ్గర కొనుక్కోవాలి, మార్చి పంచిపెట్టుకునే హక్కు లేదు. "ఇది చేర్చండి, అది చేర్చండి" అని ఎందరో ఉత్తరాలు రాసినా ఆయన ఒప్పుకోలేదు. ఒక్క చదువుకాలంలో విద్యార్థి మొత్తం చదివి అర్థం చేసుకోగలిగినంత చిన్నదిగానే అది ఉండాలని ఆయన పట్టు. గురువుగా అది న్యాయమే.

ఆ పుస్తకం ఫిన్లండు రాజధాని హెల్సింకీలో ఒక విద్యార్థి చేతిలో పడింది. ఇక్కణ్ణించే అసలు కథ.

పేరు లీనస్ టోర్వాల్డ్స్. 1969 డిసెంబరులో, అంటే యూనిక్స్ పుట్టిన ఏడాదే పుట్టాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పత్రికా రచయితలు. తర్వాత విడిపోయారు. తల్లి తండ్రి, అంటే మాతామహుడు, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్ర ఆచార్యుడు. ఆయన 1981 ప్రాంతంలో కమడోర్ వారి చిన్న కంప్యూటరు ఒకటి కొన్నాడు. పదకొండేళ్ళ మనవడు తాత ఒళ్ళో కూర్చుని, తాత కాగితం మీద రాసిన ప్రోగ్రాముల్ని కొట్టిపెట్టేవాడు. అక్షరాభ్యాసం అలా జరిగింది. బిడియస్థుడు, ఆటల్లో చురుకు లేదు, గదిలోంచి బయటికి రాడు. చీకటి కొట్లో ఒక కంప్యూటరు పడేసి, అప్పుడప్పుడు కాస్త తిండి విసిరితే చాలు, వాడు హాయిగా ఉంటాడని తల్లి హాస్యమాడేదట. ఆ హాస్యం వెనక ఒంటరిగా ఇల్లు నెట్టుకొచ్చిన తల్లి ఓర్పు నాకు కనిపించింది.

1991 జనవరిలో 386 రకం కంప్యూటరు వాయిదాల మీద కొన్నాడు. మూడేళ్ళ వాయిదాలు! దానిమీద మినిక్స్ వేసుకున్నాడు. ఇంట్లో కూర్చుని టెలిఫోను తీగమీదుగా విశ్వవిద్యాలయం కంప్యూటరుతో మాట్లాడాలని ఆశ. మినిక్స్‌లో అందుకున్న ఏర్పాటు నచ్చక, సొంతంగా ఒకటి రాయబూనాడు. యంత్రం ఒకేసారి రెండు పనులు చెయ్యగలదా అని పరీక్షించడానికి, ఒక పని ఏ అక్షరాన్ని, రెండో పని బి అక్షరాన్ని అచ్చువేస్తూ పోయేట్టు చేశాడు. తెరమీద కాసేపు ఏ ఏ ఏ, కాసేపు బి బి బి. అది చూసి పొంగిపోయాడట. అమ్మకు పిలిచి చూపిస్తే ఏమనేదో! కూరా చారూ ఒకేసారి పొయ్యిమీద పెట్టే మనకి ఆ రెండు అక్షరాల మహత్యం ఒకపట్టాన అర్థం కాదు. కానీ ఇల్లాలి పనికి శ్రీకారం అదే కదా!

చిన్న పని పెరిగి పెద్దదైంది. 1991 ఆగస్టు 25న మినిక్స్ అభిమానులు కంప్యూటర్ల ద్వారా కబుర్లు చెప్పుకునే చోట ఒక ఉత్తరం పెట్టాడు. నేనొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను, ఇది సరదా పని మాత్రమే, గ్నూలాగా పెద్దదేమీ కాదు, మీకు ఏమేం కావాలో చెప్పండి - ఇదీ దాని సారాంశం. ఆ వినయం చూశారా! సెప్టెంబరులో సోర్స్ మొత్తం, పదివేల పంక్తుల దాకా, ఎవరైనా తీసుకునేట్టు పెట్టేశాడు. తనకు తోచిన పేరు ఫ్రీక్స్. దాన్ని సర్వరులో పెట్టిన స్నేహితుడికి ఆ పేరు నచ్చక, లీనస్ పేరు కలిసొచ్చేలా లినక్స్ అని పెట్టాడు. బారసాల అలా అయింది.

డబ్బు పంపమంటారా అని కొందరు అడిగారు. వద్దు, మీ ఊరి బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఒకటి పంపండి అన్నాడు. పంపారు. న్యూజిలాండు నుంచి, జపాను నుంచి, అమెరికా నుంచి. టపా తీసే చెల్లెలు సారాకి ఆశ్చర్యం. గదిలోంచి కదలని అన్నయ్యకి ఇన్ని దేశాల్లో ఇంతమంది స్నేహితులా! అన్నగారు చేస్తున్నది ఏదో ఉందని ఆ ఇంట్లో మొదట గుర్తింపు తెచ్చినవి ఆ కార్డులే. తర్వాత తలా కాస్తా వేసుకుని ఆ కంప్యూటరు బాకీ కూడా తీర్చేశారు.

ఆ ఏడాది చివర జర్మనీ నుంచి ఒకాయన రాశాడు. నా యంత్రంలో జ్ఞాపకశక్తి చాలా తక్కువ, మీది నడవటం లేదు అని. అది లీనస్‌కి అక్కర్లేని సౌకర్యం, తన యంత్రంలో కావలసినంత ఉంది. అయినా క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని, చాలనప్పుడు కొంత సరుకుని డిస్కు మీదికి దించిపెట్టే ఏర్పాటు చేశాడు. వంటింట్లో చోటు చాలకపోతే కొన్ని డబ్బాలు అటకెక్కిస్తామే, అలాగన్నమాట. అక్కరపడ్డవాడు ఎవరో తెలియని పరాయివాడు. ఆ ఏర్పాటుతో లినక్స్ కొన్ని సంగతుల్లో మినిక్స్‌ని దాటిపోయింది.

మొదట్లో, దీన్ని ఎవరూ డబ్బుకి అమ్మరాదని నిబంధన పెట్టాడు. 1992 మొదట్లో దాన్ని తీసేసి, స్టాల్‌మన్ లైసెన్సుకి మారాడు. అమ్ముకుంటే అమ్ముకోండి, పాళ్ళు మాత్రం దాచకండి. అమెరికాలో కోపంతో మొదలైన ఇల్లూ, హెల్సింకీలో సరదాగా మొదలైన ఇల్లాలూ అలా ఒక గూటికి చేరారు. మన పెళ్ళిళ్ళలో లాగే, పేరు దగ్గర మాత్రం తగువు వచ్చింది. రెండు పేర్లూ కలిపి గ్నూ లినక్స్ అనాలని స్టాల్‌మన్ పట్టు. లోకం లినక్స్ అనే అలవాటు పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1992 జనవరి 29న, గురువుగారు గర్జించాడు. టానెన్‌బామ్ బహిరంగంగా, లినక్స్ కాలం చెల్లిన పద్ధతిలో కట్టిందని రాశాడు. తగువేమిటంటారా? మినిక్స్ వేరు కాపురాల పద్ధతి. కెర్నెల్ చిన్నదిగా ఉండి, ఒక్కొక్క పనికీ ఒక్కొక్క విడి ప్రోగ్రాము. ఒకటి కూలినా మిగతావి నిలుస్తాయి. లినక్స్ ఉమ్మడి కుటుంబం. అన్నీ ఒకే కప్పు కింద. పని చకచకా సాగుతుంది గాని ఒకరికి జ్వరమొస్తే ఇల్లంతా పడుతుంది. నువ్వు నా విద్యార్థివి కానందుకు సంతోషించు, ఈ నమూనాకి నేను మంచి మార్కులు వెయ్యను అని కూడా అన్నాడు ఆచార్యుడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఒళ్ళు మండింది. తన దేవుడి పుస్తకం రాసిన మనిషి నలుగురిలో అలా అన్నాడే అని, అంతకంటే ఘాటుగా తిట్టి రాశాడు. ఆ వెంటనే నాలుక కరుచుకుని, మాట తూలానని అందరిముందూ క్షమాపణ చెప్పుకున్నాడు.

దీనికి కొసరు పన్నెండేళ్ళ తర్వాత వచ్చింది. ఆ కొసరు కోసమే నేనీ వ్యాసం రాశానేమో. 2004 నాటికి లినక్స్ పెద్దదైపోయింది. దానిమీద కోర్టు వ్యాజ్యాలు, నిందలు. ఒక కుర్రాడు ఒంటరిగా ఇంత రాయగలడా, మినిక్స్‌లోంచి దొంగిలించి ఉంటాడు అనే ధోరణిలో పుస్తకం రాయబోతూ ఒకతను ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి టానెన్‌బామ్‌ని కలిశాడు. పాత పగ ఉందనుకుని వెళ్ళాడు కాబోలు. ఆచార్యుడు ఏం చేశాడో తెలుసా? లీనస్ నా సోర్స్ దొంగిలించలేదు, తనంతట తాను రాసుకున్నదే అని లోకానికంతా తెలిసేలా రాసిపెట్టాడు. అదే చోట, నమూనా విషయంలో మాత్రం నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదని కూడా చెప్పాడు! విభేదం విభేదమే, నిజం నిజమే. మార్కులు వెయ్యనన్న గురువే సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాడు. ఇలాంటి చోట నా కళ్ళు చెమరుస్తాయి. ఏం చెయ్యను, ఆర్ట్సు చదివినదాన్ని.

మధ్యలో జరిగినవి గబగబా చెబుతాను. 1994 మార్చిలో లినక్స్ మొదటి పూర్తి కూర్పు వెలువడింది. అప్పటికి లక్షా డెబ్భై ఆరు వేల పంక్తులు. పదిమందిలో పాము చావదంటారు మనవాళ్ళు. ఇక్కడ పదిమంది కాదు, వేలమంది చేతుల్లో పడి తప్పులు చచ్చాయి. సోర్స్ కళ్ళెదుట ఉంది కనుక ఎవరికి తప్పు కనబడితే వారు సవరించి పంపారు. లీనస్ ఏరి చేర్చుకున్నాడు. విశ్వవిద్యాలయంలో తాను పాఠం చెప్పే తరగతిలో, ఇంటిపనిగా నాకొక ఈమెయిల్ పంపండి అంటే, టూవె అనే అమ్మాయి తనతో బయటికి వస్తారా అని అడుగుతూ పంపింది. ఆవిడ ఫిన్లండులో ఆరుసార్లు కరాటే విజేత. కాదనే ధైర్యం ఎవరికుంటుంది! 1997లో పెళ్ళయింది. 1988లో చదువులో చేరిన లీనస్ ఎమ్మెస్సీ సిద్ధాంత వ్యాసం కూడా ఆ ఏడే ఇచ్చాడు. విషయం లినక్సే. మీ పిల్లలు చదువు తెమల్చడం లేదని బెంగపడే తల్లులు ఈ తేదీలు గుర్తుంచుకోండి. 2000లో అదే విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఓపెన్ సోర్స్ అన్న మాట మాత్రం మగవాళ్ళెవరూ పెట్టింది కాదు. 1998 ఫిబ్రవరిలో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు సమావేశమై ఈ ఉద్యమానికి అందరికీ అర్థమయ్యే పేరేదని తర్జనభర్జన పడుతుంటే, క్రిస్టీన్ పీటర్సన్ అనే ఆవిడ ముందే ఆలోచించుకుని తెచ్చిన మాట అది. ఆ పేరే నిలిచిపోయింది. ఆవిణ్ణి చాలామందికి తెలీదు. ఆశ్చర్యమేముంది?

ఇవాళ ప్రపంచంలోని అయిదు వందల మహావేగపు కంప్యూటర్లూ, 2017 నవంబరు నుంచి ఒక్కటీ తప్పకుండా, లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్న కెర్నెల్ కూడా అదే. మీరు కూతురికి ఫోను చేసి తిన్నావా అని అడిగేటప్పుడు, ఆ హెల్సింకీ కుర్రాడి ఏ ఏ ఏ, బి బి బి ఆ అడుగున ఎక్కడో నడుస్తూనే ఉంటుంది.

అంతా బంగారమేనా అంటే కాదు. "పెద్దమ్మా, ఇందులో కష్టం కూడా చెబుతాను విను" అంది మా పిల్ల. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. లోకంలోని బ్యాంకులూ దుకాణాలూ రహస్యాలు దాచుకోవడానికి వాడే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో ఆ తప్పు రెండేళ్ళు ఎవరికీ కనబడలేదు. తీరా చూస్తే అన్నివేల కోట్ల వ్యాపారం నడిచే ఆ ప్రోగ్రాముని చూసుకోవడానికి పూర్తికాలం పనిచేసేవారు ఒకే ఒక్కరు. తక్కినవారు తీరిక వేళల్లో సాయం చేసేవారు. ఊరికే వస్తున్నదని అందరూ వాడుకున్నారు, చేసేవాళ్ళు ఎలా ఉన్నారని అడిగినవారు లేరు. ఆ మాట వినగానే నేను లేచి కూర్చున్నాను. ఇది మనకి తెలియని కథా చెప్పండి! జీతం లేని పని మహత్తరమైనదని పొగడటం, పొగిడి పక్కకు తిరిగి మరచిపోవడం. ఆ తర్వాత పెద్ద కంపెనీలు కళ్ళు తెరిచి నిధులు సమకూర్చాయట. మన ఇళ్ళల్లో ఆ కళ్ళు ఇంకా తెరుచుకోవాలి.

లీనస్ కూడా పురాణపురుషుడేం కాడు. తప్పులు పంపినవాళ్ళని ఏళ్ళ తరబడి కటువుగా తిట్టిపోసేవాడు. 2018 సెప్టెంబరులో, తన ప్రవర్తన సరైంది కాదని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, కొన్నాళ్ళు పని ఆపి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. యాభయ్యేళ్ళకి దగ్గరపడ్డాక మగవాడు ఆ మాట అనడం చిన్న సంగతి కాదు.

మన తెలుగు అక్షరాలకూ ఈ పద్ధతితో బంధుత్వం ఉంది. పోతన, వేమన అనే పేర్లతో కంప్యూటరులో తెలుగు రాయడానికి చేసిన అక్షరాల అచ్చులు ఆ జీపీఎల్ లైసెన్సుతోనే అందరికీ ఇచ్చారు. భాగవతాన్ని రాజుకి అంకితమివ్వలేదని చెప్పుకునే కవి పేరు, ఎవరి సొత్తూ కాని అక్షరాలకు పెట్టడం ఎంత బాగుంది!

అన్నీ విన్నాక మా పిల్లని అడిగాను. "ఇంతకీ నీ పరిశోధన దేనికి? నీకేం మిగులుతుంది?"

"నేను సవరించిన నాలుగు పంక్తులు ఎక్కడో ఎవరికో పనికొస్తాయి. ఎవరు రాశారో అందులో పేరుంటుంది. చాలదా?" అంది.

చాలుననిపించింది. మర్నాడు పొద్దున్నే మా అమ్మ చెప్పగా నేను రాసుకున్న పచ్చళ్ళ నోటుపుస్తకం తీసి, గిద్దెలూ సోలెలూ అన్నీ విడమరిచి తిరగరాసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. పెద్దత్తయ్య చేసిన తప్పు నేను చెయ్యదలుచుకోలేదు. వారం తిరిగేసరికి పుస్తకం వెనక్కొచ్చింది. ఆవకాయ పేజీ పక్కన పెన్సిలుతో రాసివుంది: "కారం అరగిద్దె తగ్గించాను, ఆవపిండి కాస్త పెంచాను. బాగుంది."

ముందు కాస్త కోపం వచ్చిన మాట నిజం. మా అమ్మ పాళ్ళు దిద్దుతుందా! తర్వాత అలాగే కలిపి చూశాను. నిజంగానే బాగుంది.

అన్నట్టు చెప్పడం మరిచాను. పెళ్ళివారి దగ్గర్నుంచి మళ్ళీ కబురొచ్చింది. ఆ రోజు సగంలో ఆగిపోయిన మాట పూర్తిగా చెప్పమని ఆవిడే అడిగిందట. ఈసారి నేను నసగను. పత్రిక రాగానే ఒక ప్రతి ఆవిడకి పంపిస్తాను.